ఊటగట్టుకు ఏడు పొయ్యిలు

నమోదు 61

ఆట బల్లకు పెద్దగా ఉన్నవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలట. అది పెద్ద నియమం. రాయడానికి మా మెరకలో ఏముంటుంది, నేను తిట్టిన తిట్లు తప్ప. ఈ రోజు మాత్రం ఉంది. బూరుగుమెరక దాలయ్య మళ్ళీ వచ్చాడు.

చేపలు కోస్తుంటే వచ్చి కాలవ గట్టు మీద నిలబడ్డాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, మెడ వంచుకుని, మహా మర్యాదస్తుడిలాగా. ఊటగట్టు నీళ్ళలో తన మెరకకు రోజుకిన్ని కడవలు వదలమని అడిగాడు. ఇది మూడోసారి అడగడం.

ఉప్పు మడులు అడిగితే ఆలోచిద్దును. గాలిమర అడిగితే చీకట్లో కూర్చునైనా బతుకుతాం. ఊటగట్టు అలాంటిది కాదు. సముద్రం పైకి వచ్చాక ఈ చుట్టుపక్కల మునగకుండా మిగిలిన మెరకలన్నిటిలో తీపి నీళ్ళు ఊరే చోటు అదొక్కటే. అక్కణ్ణించి వచ్చే పిల్ల కాలవే మా గుమ్మం ముందు పారుతుంది. అది పోతే మా మెరకలో పిల్లా జెల్లా ఉప్పు నీళ్ళు తాగి చావాలి. వాడికి ఒక కడవ వదిలితే రేపు రేవు వాళ్ళు పది కడవలంటారు. ఇచ్చేది లేదని చెప్పాను. ఊరికే చెప్పలేదు, చేతిలో కత్తిపీట ఉందని కూడా మరిచి లేచి నిలబడి చెప్పాను. వాళ్ళ తాతను కూడా నాలుగు మాటలన్నాను.

ముసలోడు అన్నీ విన్నాడు. విని, మొలలోంచి ఎర్ర రంగు వేసిన చెక్క గుర్రాన్ని తీసి నా గుమ్మంలో పెట్టాడు.

దండు గుర్రం. అంటే ఊటగట్టు మీద దాడి ప్రకటించినట్టు. మూడుసార్లు బతిమాలినవాడు మొలలో గుర్రం పెట్టుకునే వచ్చాడన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

నమోదు 62

ఇల్లంతా తిరునాళ్ళలా ఉంది. ఊటగట్టు మీద ఏడు పొయ్యిలు పెట్టాలని నిర్ణయించాను. ఏడు కుటుంబాలు మట్టి పొయ్యిలు నెత్తిన పెట్టుకుని పొద్దున్నుంచీ గట్టెక్కుతున్నాయి. పొయ్యి పగలకుండా ఎక్కడం మాటలు కాదు. వాళ్ళకు పెద్దగా నా కూతురు నూకాలును పంపాను. ఊట దగ్గర కాపలా ఎప్పుడూ దానిదే.

మా తాతలు తుఫాను షెడ్డుల్లో పొద్దుపోక ఆడుకున్న ఆట ఇది. బల్ల మీద పటం పరిచి, నాది కోట, నీది రేవు, నీ కోట మీద నా దండు అనుకుంటూ పాచికలు వేసేవాళ్ళట. బయట నిజం దండులు ఒకళ్ళనొకళ్ళు నరుక్కుని అలిసిపోయాక షెడ్డుల్లో బతికి ఉన్నవాళ్ళు మిగిలారు, వాళ్ళ ఆట మిగిలింది. ఇప్పుడు జాగా ఎవరిదో తేల్చేది అదే. కత్తి ఎత్తిన మెరకకు ఏ మెరకా పడవ అమ్మదు, పిల్లనివ్వదు.

ఆట నడవడానికి పెద్ద నియమాలున్నాయి, అవి అందరికీ ఒకటే. దాడికి వచ్చినవాడికి అయిదు పాచికలు, మూడు విసుర్లు. అంకెల మొత్తం ఎక్కువైనవాడిది ఆ విసురు, మూడింటిలో రెండు గెలిచినవాడిది జాగా. ఆట మాత్రం కాచుకునేవాళ్ళ ఇంట్లో, వాళ్ళ బల్ల మీదే జరుగుతుంది, వాళ్ళ ఇంటి నియమాల ప్రకారం. గుర్రం గుమ్మంలో పడ్డాక ఇంటి గోడ మీద ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

మా గోడ మీది నియమాలు ఈ చుట్టుపక్కల ఎవరికీ లేవు. ప్రతి నియమం వెనకా ఒక తగువుంది. జాగాలో వెలిగే పొయ్యికి ఒక పాచిక మాకు. ఒకప్పుడు ఉత్త పొయ్యిలు పెట్టి పొగ చూపించి లెక్క పెంచారని, వండి తింటేనే పొయ్యి లెక్క అని చేర్చారు. ఆ పొయ్యి మీద వండింది తిన్నవాడు ఆ జాగా మనిషి అని, జాగా మనిషి జాగా మీద చెయ్యెత్తకూడదని మా అమ్మమ్మ చేర్చింది. గాలిమరను కాచిన రెండు కుటుంబాలకు తరవాత దీపం కూడా ఇవ్వకుండా తరిమేశారని, జాగా మనిషికి అందులో వాటా ఇవ్వాలని మా మేనమామ చేర్చాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడు శత్రువైనా పూటపూటకీ మనమే కూడు పెట్టాలి, అడిగితే లేదనకూడదు. ఒకసారి ఎవరో మహానుభావుడు ఉమ్మెత్త కలిపి పెట్టాడు. అప్పట్నుంచి కూడు గురించి అడిగితే నిజం చెప్పాలి, అబద్ధం చెబితే జాగా పోతుంది.

చివరిది నేను రాయించాను. ఆట మొదలయ్యాక జాగా లోపలికి మనిషి పోకూడదు, వస్తువు పోకూడదు. లోపలి మనిషి బయటికి రాకూడదు. వస్తే వాడి పొయ్యి ఆరినట్టే. ఉప్పు మడుల గొడవలో ఒకడు స్నానానికని బయటికి వచ్చి మా గుట్టంతా అమ్ముకున్నాడు. ఆ కన్నం మూసింది నేనే. గోడకు సున్నం వేసినప్పుడల్లా ఆ ఒక్క నియమం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

నమోదు 63

ఆట మొదలైంది. సాక్షిగా దిబ్బమెరక నుంచి గంగులు వచ్చాడు. రెండు పక్షాల కూడూ ముట్టకూడదు కాబట్టి సాక్షి తన రొట్టెలు తనే మూట కట్టుకుని వచ్చాడు. ఎండి బిగుసుకుపోయిన రొట్టెలు. మా చేపల పులుసు వాసనకి పాపం గుటకలు మింగుతున్నాడు.

దాలయ్య గోడ ముందు నిలబడి నియమాలు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఒక్క అక్షరం వదలకూడదన్నట్టు గోడకు ముక్కు ఆనించి చదివాడు. అంతా చదివి, ఒప్పుకున్నట్టు గుర్తుగా ఉప్పు రాయి నాలుక మీద వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. బల్ల మీద ఊటగట్టు బొమ్మ చుట్టూ ఏడు మట్టి గుబ్బలు పెట్టాను, పొయ్యికొకటి.

మొదటి విసురు మేం గెలిచాం. ఏడు పాచికల ముందు అయిదు ఏం నిలుస్తాయి. మా మరిది అప్పన్న ఈల వేశాడు. దాలయ్య మొహంలో ఏమీ లేదు. పాచికలు ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుని, నాకేసి చూశాడు.

"రెండోది తరవాత యేస్తాను సెల్లెమ్మా. అన్నం యేలయినాది గదా."

ఎవడికి చెల్లెమ్మనిరా నేను, అనుకున్నాను. పెద్దవాడు కాబట్టి పైకి అనలేదు. కంచం పెట్టాను. కూడు ముట్టేముందు తలెత్తి అడిగాడు.

"ఇది యే పొయ్యి మీద వొండినారు?"

నా పొయ్యి మీదే అన్నాను. అప్పుడు తిన్నాడు. జాగా కూడు తినిపించి బుట్టలో వేస్తానని వాడి భయం. ఊటగట్టు కూడు ఇక్కడికి ఎలా వస్తుందిరా పిచ్చోడా, మనుషులు బయటికి రాకూడదని నేనేగా రాయించింది. నవ్వొచ్చింది.

నమోదు 66

నవ్వు పోయింది. ముసలోడు పాచిక వేయడం లేదు.

వేయమంటే, చెయ్యి నొప్పంటాడు. గాలి మారనీయమంటాడు. పాచికలు ఇంకా చల్లారలేదంటాడు. పెద్ద నియమాలు తిరగేశాం. విసురుకూ విసురుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో ఎక్కడా లేదు. బల్ల దగ్గరనుంచి లేచి పోనంతవరకు ఆటలో ఉన్నట్టే. గంగులును అడిగితే తలూపాడు. అవును, ఉన్నట్టే.

కాలవ ఒడ్డున మా వసారాలో బల్ల. బల్ల పక్కనే వాడి చాప. పగలంతా కాలవ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు. మా మెరక ఆడవాళ్ళు కడవలు ముంచుకోవడానికి వస్తే ఒక్కొక్కళ్ళనీ చూస్తాడు. పూటకు నాకంటే రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. పులుసులో చింతపండు చాల్లేదని పేరు కూడా పెట్టాడు. ప్రతి పూటా ముద్ద ఎత్తేముందు అదే ప్రశ్న, ఏ పొయ్యి మీద వండినారని. ప్రతి పూటా అదే జవాబు చెప్పలేక నా నోరు పడిపోతోంది.

వాడి ఎత్తు నాకు ఇవాళ పొద్దున్న అర్థమైంది. ఇంటిపైకెక్కి ఊటగట్టుకేసి చూశాను. ఏడు పొగలు ఉండాల్సినచోట అయిదే ఉన్నాయి.

పైన కట్టెలు అయిపోతున్నాయి. మొన్నటి గాలివానకు తడిసిన సరుగుడు కట్టెలు ఇంకా ఆరలేదు. రెండు రోజుల్లో ఆట అయిపోతుందని నేనే ఉన్న కట్టెలతో పంపించాను. ఇప్పుడు ఒక చితుకు కూడా పైకి పంపడానికి లేదు. వస్తువు లోపలికి పోకూడదు. రాయించిందెవరు? నేను. మన కూడు తింటూ, మన వసారాలో కూర్చుని, మన నియమంతోనే మన పొయ్యిలు ఆర్పుతున్నాడు. ఏదో ఒక నియమం తప్పాడంటే తన్ని తగలేద్దును. ఒక్కటీ తప్పడు.

నమోదు 68

పొగలు నాలుగయ్యాయి. వాడు పొద్దున్న ముఖం కడుక్కుని, ఊటగట్టు పొగలకేసి ఒక చూపు చూసి, పాచికలు చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగు మావి, అయిదు వాడివి. రెండో విసురు వాడిది. రెండే రెండు అంకెల తేడా. ఆ రెండు అంకెలు నా గొంతులో అడ్డం పడ్డాయి. పొద్దుపోయేదాకా ఇంకేమీ తినలేకపోయాను. వాడు మాత్రం తిన్నాడు. అడిగి మరీ తిన్నాడు.

ఇంకొకటే విసురు. దానికి తొందరేముంది వాడికి. పొగలు సున్నా అయితే పాచిక కూడా వేయనక్కర్లేదు, జాగా వాడిదే.

నమోదు 70

మా మరిది అప్పన్న నలుగురిని వెంటేసుకుని వంటింట్లోకి వచ్చాడు. ముసలోణ్ణి చాపతో సహా ఎత్తి ఉప్పుటేట్లో పడేద్దామన్నాడు. గంగులు రొట్టె నానబెట్టుకోవడానికి కాలవ దగ్గరికి పోయినప్పుడు పనైపోతుందట. లేదంటే రెండు మోపుల కట్టెలు చీకటిపడ్డాక గట్టెక్కిస్తాడట.

వాడి చెంప పగలగొట్టాను. నా మీద కోపంతో వాడి చెంప పగిలిందని వాడికి తెలుసు, నాకూ తెలుసు. బల్ల మాట తప్పితే ఏమవుతుందో అప్పన్న చూడలేదు. నేనూ చూడలేదు, మా అమ్మమ్మ చూసింది. ఆమెకు ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఆ చేత్తోనే నన్ను ఎత్తుకునేది.

అయినా కడుపు మండి ఆగలేక వసారాలోకి పోయి దాలయ్య ఎదురుగా కూర్చున్నాను. మా పిల్లలు ఏం తాగాలని అడిగాను. కాటికి కాళ్ళు చాచినవాడివి, ఆ నీళ్ళు ఎన్నాళ్ళు తాగుతావని అడిగాను. నిజంగానే అడిగాను, గంగులు వింటున్నా సరే.

వాడు కాలవ నీళ్ళకేసి చూశాడు.

"మూడుసార్లు అడిగినాను సెల్లెమ్మా," అన్నాడు. "కడవలే అడిగినాను. గట్టు అడగలేదు."

అయితే గుర్రాన్ని మొలలో ఎందుకు పెట్టుకొచ్చావని నేను. అడగడం అయిపోయినాక ఇంకేటి మిగిలినాదని వాడు. నాకు జాలి కలగలేదు. రాసి పెడుతున్నాను కాబట్టి నిజమే రాయాలి. ఒక్క చుక్క కూడా కలగలేదు.

సాయంత్రానికి పొగలు రెండు.

నమోదు 72

ఒకటే పొగ. సన్నగా, ఉందో లేదో అన్నట్టు. అది నూకాలు పొయ్యి అని నాకు తెలుసు. అది చిన్నప్పుడూ అంతే, అందరూ ఆడి అలిసి ఇంటికి పోయాక కూడా ఒక్కతీ ఇసకలో కూర్చునేది.

పొద్దెక్కాక కాలవలో ఒక కుండ కొట్టుకొచ్చింది.

మూతి మీద తాటాకు కట్టి ఉంది. అది మా వసారా మెట్టుకు తగిలి ఆగింది. నేనే దిగి తీశాను. ఇంకా వెచ్చగా ఉంది. మెడ మీద మూడు సున్నపు చుక్కలు. నూకాలు తన కుండలన్నిటికీ అలాగే పెట్టుకుంటుంది. తాటాకు తీస్తే లోపల నిండా అన్నం.

పైన ఏడు కుటుంబాలు ఒక్క పొయ్యి మీద కాచుకుని తాగుతున్నాయి. వాళ్ళ నోటి దగ్గర కూడు నాకు పంపుతుందేమిటి, దీనికి మతిగాని పోయిందా అనుకున్నాను. ఇదే ఆఖరి ముద్ద, ఇంక పొయ్యి ఆరిపోతుందని చెప్పడమా అనుకున్నాను. కుండ ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో ఏడ్చాను. ఏడుస్తూనే దాన్ని తిట్టాను.

అప్పుడు తలెత్తితే ఎదురుగా గోడ.

లోపలికి మనిషి పోకూడదు, వస్తువు పోకూడదు. లోపలి మనిషి బయటికి రాకూడదు. ఇక్కడితో ఆపేశాను నేను. లోపలి వస్తువు బయటికి రాకూడదని రాయించలేదు. చుట్టుముట్టిన చోట ఉన్నవాళ్ళు ఆకలితో ఉంటారు, వాళ్ళు బయటికి ఏం పంపుతారు? నాకు తోచనేలేదు. నా కూతురికి తోచింది.

జాగా పొయ్యి మీద వండింది తిన్నవాడు జాగా మనిషి. జాగా మనిషి జాగా మీద చెయ్యెత్తకూడదు. ఈ అన్నం దాలయ్య తింటే మూడో విసురు వాడు వేయలేడు. వేయకపోతే ఊటగట్టు మాదే.

ఒకటే అడ్డం. ముద్ద ఎత్తేముందు వాడు అడుగుతాడు. ప్రతి పూటా అడుగుతూనే ఉన్నాడు. అడిగితే నిజం చెప్పాలి. చెబితే కంచం నెట్టేస్తాడు, సాయంత్రానికి ఆ ఒక్క పొగా ఆరిపోతుంది. అబద్ధం చెబితే అక్కడికక్కడే జాగా పోతుంది.

ఇంకో దారి లేదు. మా పొయ్యి మీది చేపల పులుసు, కుండలో అన్నం కంచంలో పెట్టి తీసుకెళ్ళాను. అప్పన్న స్తంభం దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టాడు, వెధవ, వాణ్ణి చూస్తేనే ఎవరికైనా అనుమానం వస్తుంది. కంచం దాలయ్య ముందు పెట్టాను. నీళ్ళచెంబు పెట్టాను. ఇంక ఇవతలికి రావచ్చు, రాలేకపోయాను.

దాలయ్య అన్నంకేసి చూశాడు. తలెత్తి నాకేసి చూశాడు. నోరు తెరిచాడు.

"ఇవాళ సింతపండు సరిపోయినాది," అన్నాడు. పులుసు వాసన చూసి.

తరవాత చెయ్యి కడుక్కున్నాడు. అన్నం కలిపాడు. తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక ఇంకొంచెం పెట్టమన్నాడు. పెట్టాను. అదీ తిన్నాడు.

వాడు వేళ్ళు నాకడం అయ్యేదాకా ఆగి చెప్పాను. నువ్వు తిన్నది ఊటగట్టు పొయ్యి మీద వండింది దాలయ్యా, అని. గంగులు గబగబా లేచాడు. కుండ తెప్పించి మసి చూశాడు, సున్నపు చుక్కలు చూశాడు, వాసన చూశాడు. మేం కొబ్బరి డిప్పలు కాలుస్తాం, పైన సరుగుడు కాలుస్తారు, ఆ పొగ వాసన వేరు. గోడ దగ్గరికి పోయి నియమం చదివాడు. కూడు గురించి అడిగావా అని దాలయ్యను అడిగాడు. లేదన్నాడు. ఈమె ఏమైనా అబద్ధం చెప్పిందా అని అడిగాడు. లేదన్నాడు.

ఆట అయిపోయింది, జాగా కాచుకున్నవాళ్ళదే అని గంగులు చెయ్యెత్తి చెప్పాడు. అప్పన్న అరిచిన అరుపుకి కొంగలు లేచిపోయాయి. నేను అక్కడే కూలబడ్డాను. గెలిచాం. నా కూతురు గెలిపించింది.

వసారా అంతా గోల. ఆ గోలలో దాలయ్య చెయ్యి కడుక్కుని, అయిదు పాచికలూ బల్ల మీద వరసగా పెట్టి, గంగులును పిలిచాడు.

"ఆ నియమం ఆకరి దాకా సదువు బాబూ."

గంగులు చదివాడు. జాగా మనిషికి, జాగా ఉన్నన్నాళ్ళూ అందులో వాటా. ఊటగట్టయితే మనిషికి రోజుకో కడవ.

గోల ఆగిపోయింది. కుండలో ఇంకా అన్నం ఉంది కదా, అది మూట కట్టి ఇవ్వమన్నాడు దాలయ్య. బల్ల దగ్గర కూర్చున్నవాడు కూడు అడిగితే లేదనకూడదు. అదీ గోడ మీద ఉంది. మా నియమాలు ఈ చుట్టుపక్కల ఎవరికీ లేవని రాసుకున్నాను కదా. అనుభవించు ఎర్రమ్మా.

నా చేత్తో నేనే మూట కట్టి ఇచ్చాను.

నమోదు 73

బూరుగుమెరక జనమంతా తలా ఒక మెతుకు నోట్లో వేసుకున్నారట. సాక్షిని వెంట తీసుకెళ్ళి మరీ వేసుకున్నారు. ఇవాళ పొద్దున్న కడవలు పట్టుకుని వరసగా వచ్చారు. నేను గుంపు వస్తుందనుకుని గట్టు మీద చీపురుతో నిలబడ్డాను.

పదకొండు మంది వచ్చారు. ఇద్దరు నడవలేక నడుస్తూ వచ్చారు. ఒక పిల్లకు పెదాలు పగిలి రక్తం కారుతోంది. మిగతావాళ్ళు ఎప్పుడొస్తారని అడిగాను. మిగతా ఎవరూ లేరన్నాడు దాలయ్య. వాళ్ళ మెరకలో పొయ్యిలు మూడే మిగిలాయట. నూతిలో ఉప్పు పడ్డాక ఒక్కొక్కళ్ళే రేవు వాళ్ళ దగ్గర కూలికి పోయారట.

పదకొండు కడవలు ముంచుకుంటుంటే కాలవ తగ్గినట్టు కూడా తెలియలేదు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ పగిలిన పెదాల పిల్ల ముంచుకున్న కడవ దించకుండానే వంగి నోరు పెట్టి తాగింది. కడవలో మూతి పెట్టకూడదే, ఎంగిలి అవుతుందని కసిరాను. కసిరి, లోపలికి పోయి గ్లాసు తెచ్చిచ్చాను.

నూకాలు సాయంత్రం గట్టు దిగింది. చిక్కి సగమైంది. కుండ సంగతి ఎలా తోచిందే అని అడిగితే, గోడకు సున్నం వేసినప్పుడల్లా నన్నే కదా అక్షరాలు దిద్దమనేదానివి అంది. కాలవలో కుండ వదిలితే బల్ల ముందే తేలుతూ పోతుంది, దాలయ్య చూస్తాడని భయం వేయలేదా అన్నాను. చూస్తాడనే భయపడ్డాను గానీ ఇంకో దారి లేదు అంది.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. వాడు పగలంతా కాలవకేసే చూస్తూ కూర్చునేవాడు.

నమోదు 79

ఈ పొద్దున్న నా గుమ్మంలో నల్ల గుర్రం. రేవు వాళ్ళది. వాళ్ళకూ ఊటగట్టే కావాలి. వాళ్ళు కడవలు అడగరు, బతిమాలరు, నేరుగా గుర్రమే పెడతారు.

అప్పన్నను కట్టెలకు పంపాను. ఈసారి వసారా నిండేదాకా ఆపొద్దని చెప్పాను. ఏడు కుటుంబాలకూ కబురు పెట్టాను. ఆ లెక్క వేసుకుంటుండగా దాలయ్య కడవతో వచ్చాడు. గుర్రాన్ని చూశాడు, దాటుకుని లోపలికి వచ్చాడు. రేపు తన మూడు పొయ్యిలూ గట్టెక్కిస్తానన్నాడు. జాగా మనుషులం గదా అన్నాడు. ఏడూ మూడూ పది పాచికలు. రేవు వాళ్ళకు అయిదే. నేను సంతోషం కనబడనీయలేదు.

కుండ కొట్టుకొచ్చినప్పుడు చూశావా అని అడిగాను. చూశానన్నాడు. సున్నపు చుక్కలూ చూశాడట. కంచం పెట్టకముందే సరుగుడు పొగ వాసన తెలిసిందట. మరి విసిరి గెలవొచ్చు కదా, ఒక్క పొగే ఉంది కదా, ఎందుకు ఊరుకున్నావని అడిగాను. నాకు తెలియాలి. ఇన్ని రోజులుగా రాత్రీ పగలూ అదే తొలుస్తోంది.

"గెలిస్తే కాసుకోడానికి నాకాడ మూడు పొయ్యిలు," అన్నాడు. "ఈ రేవోళ్ళు ఒక్క విసురుకు లాగేసుకుందురు. నీకూ లేకుండా పోయేది, నాకూ లేకుండా పోయేది."

అయితే ప్రతి పూటా అడిగినవాడివి ఆ పూట ఎందుకు అడగలేదన్నాను. నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు వాడికి.

"అడిగితే నువ్వు నిజం సెప్పాల గదా సెల్లెమ్మా."

ఇన్నాళ్ళూ గెలిచానని మెరకంతా చెప్పుకుని తిరిగాను. కడవ లాక్కుని కాలవలో ముంచాను. అంచుదాకా నింపాను. ప్రేమ కాదు, వెలితిగా పోస్తే నియమం తప్పినట్టవుతుంది. వాడి భుజం మీద నేనే ఎత్తి పెట్టాను, ముసలోడు ఎత్తుకోలేడు కాబట్టి.

గట్టు మీద నడుస్తుంటే కడవ తొణికి వాడి వీపంతా తడిసింది. ఒలకబోయకయ్యా, చూసుకు నడువు, అని వాడు కాలవ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి తిడుతూనే ఉన్నాను.